కొత్త సోఫా మీద అతిథి

ఇతరుల ఇళ్లకు సామాను ఎంచిపెట్టడం ఆమె వృత్తి. కొత్త ఫ్లాటు కొన్నవాళ్లు పిలిస్తే ముందు టేపు తీసేది కాదు. పొద్దున్నే ఎవరు ఎక్కడ కూర్చుంటారో, చెప్పులు ఎక్కడ విడుస్తారో, కోపమొస్తే ఏ గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారో అడిగేది. ఇల్లు నిండటం వేరు, ఇల్లు కుదరటం వేరు అని చెప్పేది.

తల్లి పోయాక ఆమె తండ్రి దగ్గరే ఉంటోంది. ఆయన ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైనవాడు. ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో ఆపి తప్పు సరిచేసేవాడు గనక అక్కడ అందరూ ఆయన్ని కామాగారు అనేవారు. కొన్నాళ్లుగా మతిమరుపు పట్టుకుంది. చదివేసిన పేపరునే మళ్లీ కొత్తదనుకుని చదివేవాడు. మనుషుల్ని మాత్రం మరిచిపోలేదు. కూతుర్ని “ఏమే” అని పిలవడమూ, ఆమె మాటల్లో తప్పులు పట్టడమూ మానలేదు.

ఇంట్లో ఉన్నదంతా తల్లి కాపురానికొచ్చిన నాటి సామాను. ఇనుప మంచం, తలుపు కాస్త పైకెత్తి లాగితే గాని తెరుచుకోని బీరువా, కాలి కింద అట్టముక్క పెట్టిన బల్ల, కూర్చున్నవాణ్ణి తేలిగ్గా వదలని పడక కుర్చీ. వాటి మధ్య నడవాలంటే ఒళ్లు ఒంపులు తిరగాలి. ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ సర్దుతావు, నీ ఇల్లు ఎప్పుడు సర్దుతావని స్నేహితురాళ్లు దెప్పుతూ ఉండేవారు. ఆమె నవ్వేసి ఊరుకునేది.

ఒక ఉదయం ఆయన బల్ల పక్కనున్న పీట తట్టుకుని పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచుతామన్నారు. ఆయన తిరిగొచ్చేలోగా ఇంట్లో సామానంతా మార్చేయాలని అప్పుడే ఆమె నిర్ణయించుకుంది. ఫోన్లో తమ్ముడికి చెప్పింది.

“నాన్నకి చెప్పావా అక్కా?” అన్నాడతను.

“చెబితే వద్దంటాడు. చూస్తే అనడు.”

ఆ ఇంటి కోసం పెట్టినంత శ్రద్ధ ఆమె ఏ ఇంటికీ పెట్టలేదు. కూర్చుంటే కుంగిపోకుండా, చేతులానించి లేవడానికి వీలుగా ఉండే సోఫా తెచ్చింది. మంచం సరిగ్గా ఆయన మోకాలి ఎత్తు. బల్ల గుండ్రంగా, ఎక్కడా మూల లేకుండా. అద్దం గానీ, జారే తివాచీ గానీ దగ్గరికి రానివ్వలేదు. గోడలకు పలచని గోధుమ రంగు వేయించింది, కిటికీలకు వెలుగు వడగట్టే తెరలు కట్టించింది. పాత సామాను అంతకుముందే సెకండ్‌హ్యాండ్ కొట్టువాడు వ్యాను వేసుకొచ్చి పట్టుకుపోయాడు. ఆ రోజు ఖాళీ హాలు మధ్య నిలబడితే ఆమెకు గుండె తేలికైనట్టనిపించింది.

ఆయన్ని తీసుకొచ్చిన రోజు తమ్ముడు కూడా వచ్చాడు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని లోపలికి నడిపించారు. ఆయన గుమ్మంలో ఆగి చెప్పులు గోడవారగా జాగ్రత్తగా విడిచాడు. ఎప్పుడూ హాలు మధ్యలో విడిచే మనిషి. సోఫా అంచున, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె మంచినీళ్లు తెచ్చి ఇస్తే రెండు చేతులా అందుకున్నాడు.

“ఇల్లు చాలా బావుందండీ. ప్రశాంతంగా ఉంది,” అన్నాడు. తర్వాత కొడుకు వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. “మనం ఎప్పుడు వెళ్తాంరా?”

కొడుకుని గుర్తుపట్టాడు. ఆసుపత్రిలో నిన్నటిదాకా “ఏమే” అన్న కూతుర్ని మాత్రం ఈ ఇంటావిడ అనుకున్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, అది పారుతుండగా నిలబడిపోయింది.

ఈ జబ్బులో మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశాక ఇలా అవుతుంటుందనీ, సామాను వల్లేనని ఎవరూ చెప్పలేరనీ డాక్టరమ్మ అన్నది. తమ్ముడూ అదే అన్నాడు. వాళ్లు ఎంత నచ్చజెప్పినా, ఆయన రాత్రి లేచి బీరువానీ బల్లనీ తడుముకుంటూ వెళ్లే దారిని తనే చెరిపేశానన్న మాట ఆమె మనసులోంచి పోలేదు.

మర్నాడే కొట్టుకి పరిగెత్తింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు. మంచం తుక్కు కిందకి వెళ్లిపోయింది. బీరువా చెక్క ఎవరో కోయించుకుపోయారు. పడక కుర్చీ ఒక్కటే మిగిలింది. ఆటోలో కట్టి తెచ్చి, పాత చోటే వేసింది. ఆయన దాని చేతిమీద అరిగిన చోట వేలితో నిమిరాడు.

“మా ఇంట్లో అచ్చం ఇలాంటిదే ఉందండీ. మా ఆవిడ కొంది,” అన్నాడు. కూర్చోమంటే మాత్రం, ఎవరి కుర్చీనో ఏమో, బావుండదని మొహమాటపడ్డాడు.

ఆ తర్వాత ఆయన ఆ ఇంట్లో అతిథిగానే ఉన్నాడు. ఇంత మర్యాదస్తుడని ఆమెకు అంతవరకు తెలియదు. లేవగానే దుప్పటి మడతపెట్టేవాడు. పెట్టింది తిని బావుందనేవాడు. ఒకరోజు ఆమె కావాలని ఒక మాట తప్పుగా పలికింది. దిద్దుతాడేమోనని చూసింది. ఆయన నవ్వి తలూపాడు. పరాయివాళ్ల తప్పులు పట్టకూడదని ఆయన అభిప్రాయం కాబోలు.

రోజూ సాయంత్రం సంచిలో తువ్వాలూ కళ్లజోడు పెట్టెనూ సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడేవాడు. మొదట్లో “ఇది మనిల్లే నాన్నా” అని చెప్పేది. అలా అన్నప్పుడల్లా ఆయన మొహంలో భయం కనిపించేది. తనని మోసం చేస్తున్నారనుకునేవాడు. ఒకనాడు అలసిపోయి మరోలా చెప్పింది.

“మీ అమ్మాయి ఫోన్ చేసిందండీ. పనిమీద ఊరెళ్లిందట. వచ్చేదాకా మిమ్మల్ని ఇక్కడే ఉండమంది.”

“మీకు ఇబ్బంది కాదూ?”

“లేదండీ. మీరుంటే మాకు బావుంటుంది.”

ఆయన సంచి కిందపెట్టాడు. “అది అంతే. పనిలో పడితే తిండి గుర్తుండదు. నోరు పెద్దది గానీ మనసు వెన్న,” అన్నాడు. తండ్రి నోట తన గురించి అంత మంచి మాట ఆమె ఎన్నడూ వినలేదు. విని, ఏ మొహం పెట్టుకోవాలో తెలియక పక్కకి తిరిగింది.

అలా ఒక సంవత్సరం గడిచింది. ఒక సాయంత్రం ఆమె పనినుంచి వచ్చేసరికి ఆయన సోఫాలో వెనక్కి ఒరిగి, కాళ్లు బారజాపుకుని కిటికీ తెరను చూస్తున్నాడు. సంచి సర్దుకోలేదు. గుమ్మం దగ్గరకూ రాలేదు. ఆమె ఎదురుగా కూర్చుని చాలాసేపు ఎదురుచూసింది. ఇంటికెళ్తానని గానీ, తన అమ్మాయి ఎప్పుడొస్తుందని గానీ ఆయన అడగలేదు.