సైగల్లేని వార్తలు

పాప చేతికి సెలైన్ సూది గుచ్చడం అది మూడోసారి. నరం దొరకడం లేదు. ఏడవడానికి కూడా ఓపిక లేక పాప కళ్ళు తేలేసింది. మంచం పక్కన నిలబడ్డ పాప తండ్రి టైలరూ, అతని భార్యా నర్సు పెదవులకేసి కళ్ళప్పగించి చూస్తున్నారు. ఇద్దరికీ పుట్టుచెముడు. నర్సు ఏదో అంటోంది. ఏమంటోందో తెలియదు.

అదే ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే అక్క తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది. టైలరుకి సొంత అక్క. ఆమెకు వినబడుతుంది. నర్సు ఆమె మీద విరుచుకుపడింది.

"కుళాయి నీళ్ళు తాగించారా? మురుగు కలిసింది, తాగొద్దని నిన్నట్నుంచీ మైకు పెట్టి అరుస్తున్నారు కదమ్మా! లోకల్ ఛానల్లో కూడా చెప్పారు. వీళ్ళకేం చెవులు పనిచేయవా?"

"పనిచేయవమ్మా," అంది అక్క.

నర్సు తల దించుకుని మళ్ళీ నరం వెతకసాగింది.

ఏమైందని తమ్ముడు చేత్తో అడిగాడు. అక్క చెప్పింది. మరదలు మంచం అంచు పట్టుకుని అలాగే కూలబడింది. బిడ్డకి ఒళ్ళు కాలుతోందని గంటగంటకీ గ్లాసుతో నీళ్ళు పట్టింది తనే.

మొన్నమొన్నటిదాకా ఆ ఛానల్లో సాయంత్రం వార్తలు చదువుతుంటే, తెర మూలన కూర్చుని సైగలతో చెప్పింది అక్కే. డ్యూటీ దిగి, చీర మార్చుకుని పోయేది. పైసా తీసుకునేది కాదు. ఊళ్ళో వినబడనివాళ్ళంతా ఆ వేళకి చేతిలో పని ఆపి టీవీ ముందు చేరేవాళ్ళు. కరెంటు ఎప్పుడు పోతుందో, పిల్లలకి టీకాలు ఎక్కడ వేస్తారో వాళ్ళకి తెలిసేది అలాగే. ఒకరోజు ఇక రావద్దన్నారు. ఆ మూల సబ్బు ప్రకటనకి పోయింది. వినబడేవాళ్ళెవరూ ఇదేమిటని అడగలేదు. వినబడనివాళ్ళు వెళ్ళి అడిగారు గానీ, వాళ్ళ మాట అక్కడెవరికీ అర్థం కాలేదు.

సాయంత్రమైనా పాప కళ్ళు తెరవలేదు. అక్క ఉండబట్టలేక ఛానల్ ఆఫీసుకి నడిచింది. టీకొట్టు పైన ఒంటిగది. యజమాని కుర్చీ లాగి కూర్చోమన్నాడు. విషయం విని తల పట్టుకున్నాడు.

"రెండ్రోజులుగా డ్యూటీలోనే ఉండిపోయాను, మైకు నా చెవిన పడలేదు. నాకొక్క కబురు పెడితే పోయేది కదన్నా," అంది.

"తట్టలేదు చెల్లెమ్మా. నా బతుకు కూడా చూడు. చందా కట్టేవాళ్ళు వీధికి ఇద్దరు లేరు. ఊరంతా తిరిగి వార్తలు రాసుకొచ్చేవాణ్ణి మాన్పించేశాను. నీళ్ళ ఆఫీసువాళ్ళు పంపిన కాగితం పంపినట్టే చదివించడం. వాళ్ళ ప్రకటనలే నాకు తిండి."

అతని చొక్కా కాలరు తిరగేసి కుట్టి ఉంది. ఆ కుట్టు తమ్ముడిదే. పోట్లాడదామని వచ్చిన అక్క ఆ కుర్చీలో కూర్చుంది.

"వచ్చావు కాబట్టి ఇవాళ వార్తలకి కూర్చో," అన్నాడు యజమాని. "గొట్టాలు బాగుచేశారట. నీళ్ళు తాగొచ్చని చెప్పాలి. మీవాళ్ళకి నువ్వు చెబితేనే నమ్మకం."

"ఎవరు చూశారన్నా?"

"కాగితంలో ఉందిగా."

"మనవాళ్ళెవరన్నా వెళ్ళి చూశారా అని."

"వెళ్ళడానికి మనిషేడీ?"

లైట్లు వెలిగాయి. పక్క కుర్చీలో అమ్మాయి చదవడం మొదలుపెట్టింది. వంతెన మీద దారి మూశారంది. అక్క చేతులు చకచకా కదిలాయి. పాత అలవాటు. తర్వాత నీళ్ళ కబురు వచ్చింది. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, అందరూ నిశ్చింతగా తాగవచ్చు.

అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఎవరూ వెళ్ళి చూడని నీళ్ళు తాగమని ఎలా చెబుతుంది? తాగొద్దని చెప్పడానికి తన దగ్గర రుజువేముంది? కెమెరా వెనక యజమాని, చెప్పు చెప్పు అన్నట్టు రెండు చేతులూ గాలిలో ఊపుతున్నాడు. చదివే అమ్మాయి తడబడి, అదే వాక్యం మళ్ళీ చదివింది.

ఊళ్ళో ఎక్కడెక్కడో టీవీల ముందు వినబడనివాళ్ళు, ఆమె చేతులు ఎప్పుడు లేస్తాయా అని చూస్తూ కూర్చున్నారు.