అమ్మమ్మ చేసిన ఉద్యోగం

పెద్దాసుపత్రిలో ఉదయం పూట ఈ దృశ్యం మనలో చాలామందిమి చూసే ఉంటాం. డాక్టర్లు వచ్చే వేళకు నేల ఇంకా తడిగానే ఉంటుంది. ఊడ్చే మనిషి మీద ఎవరో ఒకరు కేకలు వేస్తుంటారు. ఆమె తల వంచుకుని పని చేసుకుపోతుంటుంది. మనం తడి అంటకుండా గోడవారగా నడిచి వెళ్లిపోతాం. ఆ కేకలు వేసేవాళ్లు చెడ్డవాళ్లనుకోవడం సులువు. కానీ ఈ కథలో కేకలు వేసినావిడ చెడ్డ మనిషి కాదు.

ఆవిడ సర్జరీ వార్డుకు హెడ్ నర్సు. నొప్పితో మూలిగే రోగి పక్కన ఎంతసేపైనా కూర్చుంటుంది గానీ, ముడత పడిన దుప్పటిని ఒక్క క్షణం భరించలేదు. ఆ వార్డు ఊడ్చే మనిషికి తోటివాళ్లు పెట్టిన పేరు లేటమ్మ. ఆ రోజూ లేటమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది.

“చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. ఇక రావద్దని మీ కాంట్రాక్టరుకి చెప్పెయ్యనా?” అంది హెడ్ నర్సు.

“అంత మాట అనకండి సిస్టర్. మొదటి బస్సు దొరికింది, రెండోది రాలేదు.”

“నీకు రోజూ బస్సే సాకు. మీ అమ్మాయిని బడి కూడా మాన్పించావట?”

“నేను మాన్పించలేదు సిస్టర్. చీకటితో నేను బయల్దేరాక చిన్నోణ్ణి లేపి, వండి పెట్టేది అదే. అది పరుగెత్తుకెళ్లేసరికి బడి గేటు వేసేస్తున్నారు. కొన్నాళ్లు బయటే నిలబడి తిరిగొచ్చింది. తర్వాత ప్యాకింగ్ గోడౌనులో చేరిపోయింది.”

“మా అమ్మమ్మ ఈ వరండానే ఊడ్చింది, తెలుసా? ఊడుస్తూనే మా అమ్మని ఆయాని చేసింది. ఆయాగా ఉండి మా అమ్మ నన్ను నర్సుని చేసింది. పట్టుదల ఉండాలమ్మా!”

లేటమ్మ చీపురు అందుకుంది. పట్టుదల అన్న మాటకు ఎదురు చెప్పడం కష్టం. నోరు తెరిస్తే, తనకు అది లేదని ఒప్పుకున్నట్టే అవుతుంది.

ఈ అమ్మమ్మ ముచ్చట ఆ నోటా ఈ నోటా పడి సూపరింటెండెంటు దాకా వెళ్లింది. ఆయన ముచ్చటపడి, ఆసుపత్రి వార్షికోత్సవంలో హెడ్ నర్సునే మాట్లాడమన్నారు. ఊడ్చే మనిషి మనవరాలు హెడ్ నర్సు అయిందంటే సిబ్బందికి అంతకన్నా ఆదర్శం ఏముంటుంది?

ఆ సాయంత్రం వంటింట్లో, రిటైరైన ఆయా అయిన తల్లి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, కూతురు తన ఉపన్యాసం వినిపించింది. “మా అమ్మమ్మ ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదు” అన్న చోట తల్లి ఫక్కున నవ్వింది.

“ఎందుకు ఆలస్యమవుతుందే? గోడకి ఇవతల ఇల్లు, అవతల ఆసుపత్రి. డ్యూటీకి బస్సెక్కడమంటే ఏంటో మీ అమ్మమ్మకి తెలీనే తెలీదు.”

“అయితే అమ్మమ్మ కష్టపడలేదంటావా?”

“నేనెప్పుడన్నాను? నడుం విరిగేలా ఊడ్చింది. కానీ ఆవిడది పర్మనెంటు ఉద్యోగం. ఆసుపత్రివాళ్లే క్వార్టర్సులో గది ఇచ్చారు. నేను పుట్టినప్పుడు జీతంతో సెలవిచ్చారు. సందు చివర బడిలో డాక్టర్ల పిల్లలూ మేమూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆయా పోస్టు ఖాళీగా ఉందని నాకు చెప్పింది ఎవరనుకున్నావ్? నా పక్కన కూర్చున్న డాక్టరుగారమ్మాయి. నీ నర్సింగు ఫీజు ఎక్కణ్ణుంచొచ్చింది? అమ్మమ్మ రిటైరైతే వచ్చిన డబ్బు. అదంతా వదిలేసి, ఒక్క పట్టుదల పట్టుకుని ఊగుతావేంటే?”

హెడ్ నర్సుకు ఆ గది తెలియక కాదు. తను నడక నేర్చింది అందులోనే. క్వార్టర్సు పడగొట్టిన చోట ఇప్పుడు కార్ల షెడ్డు ఉంది, తన స్కూటరూ రోజూ అక్కడే పెడుతుంది. కానీ ఆ గదికీ తన ఉద్యోగానికీ ఉన్న లంకె ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు.

మర్నాడు డ్యూటీ దిగాక ఆమె లేటమ్మ వెంట బయల్దేరింది. మొదటి బస్సులో నిలబడే చోటు కూడా లేదు. రెండో బస్సు కోసం నిలబడి నిలబడి కాళ్లు పీకాయి. బస్సు దిగాక ఊరు అంచున గతుకుల దారిలో ఇంకా చాలా దూరం నడవాలి. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేసింది లేటమ్మ. అప్పుడే గోడౌను నుంచి వచ్చిన అమ్మాయి వేళ్లు అట్టపెట్టెల అంచులకు కోసుకుపోయి ఉన్నాయి. హెడ్ నర్సు అలవాటుగా ఆ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది.

“బళ్లో నీకు ఏది బాగా వచ్చేదమ్మా?”

“లెక్కలు మేడం. ఇప్పుడూ లెక్కలేగా, పొద్దస్తమానం పెట్టెలు లెక్కపెడుతున్నా,” అని నవ్వింది ఆ పిల్ల.

హెడ్ నర్సుకు నవ్వు రాలేదు. వార్డులో తను అన్న మాటలు తన చెవిలోనే గింగురుమన్నాయి. వచ్చేటప్పుడు లేటమ్మ చెయ్యి పట్టుకుని, “నిన్ను అనరాని మాటలన్నానమ్మా,” అంది.

“పోనీండి సిస్టర్. మా ఇంటిదాకా వచ్చినవాళ్లు మీరొక్కరే,” అంది లేటమ్మ.

వార్షికోత్సవంలో హెడ్ నర్సు రాసుకున్న కాగితం తీయనే లేదు. “మా అమ్మమ్మని తలచుకోమన్నారు. తలచుకుంటాను. ఆవిడ కష్టజీవి. ఈ రోజు మన వరండాలు ఊడ్చేవాళ్లు ఆవిడకన్నా ఎక్కువ కష్టపడుతున్నారు. కానీ ఆవిడకి మనం ఇల్లిచ్చాం, సెలవిచ్చాం, ముసలితనానికి భరోసా ఇచ్చాం. వీళ్లకి మాత్రం చీపురే ఇచ్చాం. ఇచ్చి, మా అమ్మమ్మలా పైకి రమ్మంటున్నాం,” అంది. ముందు వరుసలో చప్పట్లు పొడిపొడిగా వినిపించాయి. గోడవారగా నీలం యూనిఫారాల్లో నిలబడ్డ ఊడ్చేవాళ్లు మాత్రం చాలాసేపు కొట్టారు.

లోకం మర్నాడే మారిపోలేదు. కాంట్రాక్టు పద్ధతి ఇంకా అలాగే ఉంది. ఊడ్చేవాళ్లని పర్మనెంటు చేయమని నర్సులూ ఆయాలూ అందరూ కలిసి పెట్టుకున్న అర్జీ కమిటీ దగ్గర నానుతోంది. అయితే హెడ్ నర్సు పట్టుబట్టడంతో, చిన్నపిల్లలున్న వాళ్ల డ్యూటీ వేళలు మారాయి. పిల్లల్ని బడికి పంపాకే లేటమ్మ ఇప్పుడు బస్సెక్కుతోంది. చదువులో ఒక ఏడాది వెనకబడినా, అమ్మాయి మళ్లీ బెంచీ ఎక్కింది.

“మీరు చాలా పెద్ద సాయం చేశారు సిస్టర్,” అందొక కొత్త నర్సు.

“సాయమేంటి? మా అమ్మమ్మకి ఎవరూ సాయం చెయ్యలేదమ్మా. ఇల్లూ, సెలవూ, అవన్నీ ఆవిడ ఉద్యోగంలో భాగం,” అంది హెడ్ నర్సు. “కష్టపడటం తల్లి చూసుకుంటుంది. ఆ కష్టం బిడ్డని ఒక మెట్టు పైకి చేర్చేలా చూడాల్సింది మాత్రం మనందరం.”