మంచం నాలుగో కోడు

పంతొమ్మిది వందల ముప్పై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో నేను మంచం పట్టాను. గూళూరు బడిలో ఎక్కాలు అరిచి అరిచి చెప్పే మునినారాయణ మేష్ట్రుకు, అంటే నాకు, విషజ్వరం వచ్చింది. పోతూ పోతూ రెండు కాళ్ళూ పట్టుకుపోయింది. నోరు మాత్రం వదిలేసింది. మోయలేననుకుందేమో!

బాగేపల్లిలో మిషను మందులశాలకు నెలకొక గురువారం పెద్ద డాక్టరు వచ్చి, మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోయేవాడు. అక్కడ పనిచేసే అంజనమ్మ ఒకరోజు మా ఇంటికొచ్చింది. దేవుణ్ణి మార్చుకుంది గాని పేరు మార్చుకోని మనిషి. నా పక్కన కూర్చుని తన గ్రంథంలోంచి ఒక కథ చదివింది. కాళ్ళు పడిపోయినవాణ్ణి నలుగురు మంచంతో సహా మోసుకొస్తారు. వాకిట్లో జనం సందివ్వకపోతే మిద్దె ఎక్కి, కప్పు విప్పి, యేసు ముందు దింపుతారు. ఆ నలుగురి నమ్మకం చూసి ఆయన రోగితో, నీ పాపాలకు క్షమాపణ దొరికిందంటాడు. లేచి మంచమెత్తుకుని నడవమనేది ఆ తరువాతే.

“కాళ్ళడిగినోనికి క్షమాపణ ఇచ్చేదేందమ్మా?” అన్నాను.

“కాళ్ళకంటే ముందు లోపల ఇంకేమన్నా పడిపోయి ఉంటాదేమో మేష్ట్రూ.”

“నాకట్లాంటిదేం లేదులేమ్మా. మంచం పట్టినోనికి మంచం పట్టుకునే మంచోళ్ళు నలుగురుంటే సాలు.”

“నేనుండా గదరా! తలకాడ కోడు నాది,” అని అందరికంటే ముందు లేచినవాడు వెంకటప్ప. ఇద్దరం ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళం. మిగిలిన మూడు కోళ్ళకు పిళ్ళప్ప, అతని తమ్ముళ్ళిద్దరూ కుదిరారు.

గురువారం పొద్దున్నే బయలుదేరాం. అంజనమ్మ వెంట నడిచింది. ఎండకు నా ముఖం మీద తెల్లగుడ్డ కప్పారు. సగం దారిలో మంచం దింపి, వెంకటప్పను నా దగ్గరుంచి, మిగతావాళ్ళు నీళ్ళకోసం బావికి వెళ్ళారు. అప్పుడే ఎద్దులబండి వచ్చి ఆగింది.

“యెవురప్పా పోయింది?”

గొంతు పోల్చుకున్నాను. కెంచార్లహళ్ళి మునిశామప్ప. వెంకటప్ప కొడుక్కి పిల్లనిస్తానన్నవాడు. మిషనుతో పొత్తున్నవాళ్ళ గడప తొక్కనని సంతలో అరిచి చెప్పినవాడు.

“యెవురో, నాకు తెలీదప్పా. దావన పోతా నిలబడితి,” అన్నాడు వెంకటప్ప.

“దింపుడు కళ్ళం అయిందా?”

శవాన్ని సగం దారిలో దింపి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవడం మా వాడుక. కొనప్రాణం ఉంటే పలుకుతాడని ఆశ.

“అయింది. పలకలేదు.”

గుడ్డలోంచి చూశాను. మునిశామప్ప తలపాగా తీసి నాకు దండం పెట్టాడు. వెంకటప్ప కూడా తలపాగా తీసి పెట్టాడు. ‘బతికే ఉండాను రా’ అని ఒక్క అరుపు చాలు. ఊరంతా కలిసి మూయించలేని నా నోటిని వాడొక్కడు మూయించాడు. మునిశామప్ప బండెక్కి వెంకటప్ప వెళ్ళిపోయాడు.

పిళ్ళప్ప తిరిగొచ్చాడు. “యాడికి పాయ వాడు?”

“మోస్తానన్నాడు. సగమే మోసినాడు, తక్కింది మోసం,” అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

అంజనమ్మ కొంగు బిగించి నాలుగో కోడు పట్టుకుంది.

“ఆడమనిషి మోస్తే యెట్లమ్మా?” అన్నాడు పిళ్ళప్ప.

“పీనుగను మోస్తాండామా యేమప్పా? మనిషినే గదా!”

మందులశాల ముందు కారెక్కబోతున్న డాక్టరు మమ్మల్ని చూసి దిగాడు. అరికాలిలో సూదితో గుచ్చి, “నరం చావలేదు. రోజూ నూనె మర్దన చేయించు. బొటనవేలు కదిలిందంటే నడుస్తావు,” అన్నాడు.

నలభై రోజులు నూనె పట్టించారు. వేలు కదలలేదు. నలభై ఒకటో రోజు సాయంత్రం, కొడుకు పెళ్ళికి పిలవడానికి తాంబూలంతో వెంకటప్ప వచ్చాడు.

“సంబంధం తప్పిపోతాదని భయపడితి రా. సగం దూరమన్నా మోసినా గదా!”

నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

“పీనుగతో మాటలేందప్పా?”

వాడు తాంబూలం పక్కన పెట్టాడు. తరువాత వంగి, నా చెవి దగ్గర, “మునినారాయణా,” అన్నాడు. నేను పలకలేదు. “మునినారాయణా.” అంజనమ్మ చదివిన కథ గుర్తొచ్చింది. ముందు క్షమాపణ, తరువాతే కాళ్ళు. ‘ఓయ్’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దానితోపాటు, తలపాగా లేని తలతో నాకు దండం పెట్టిన వాడి నీడ కూడా వచ్చింది.

“మునినారాయణా!”

మూడో పిలుపుకు నా కుడికాలి బొటనవేలు కదిలింది. నోరు కదలలేదు.