గురువారమే ఇచ్చే మనిషి

“నీకెలాగూ తొందరగా అయిపోతుంది కదమ్మా” అంటూ అత్తగారు ఉతికిన బట్టల గుట్టను కోడలి ముందుకు జరిపారు. పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో ఆమెకి దొరికిన మెప్పు ఆ ఒక్క మాటే. మెప్పు వెనకాలే ఇంకో పని వస్తుందని తెలియడానికి ఆమెకి పదిహేనేళ్లూ పట్టింది. ఆఫీసుకి టైమవుతున్నా నిలబడే బట్టలు మడతపెట్టింది. భర్త పేపరు మీంచి తలెత్తకుండా, ఆరింటికల్లా ఇంట్లో ఉంటానన్నాడు. ఆయన ఆరంటే ఎనిమిది. ఆమె ఏడింటికి వంట అంటే మాత్రం ఆరూ ముప్పావుకే గిన్నెలు బల్ల మీదికి రావాలి.

ఆమె పనిచేసే చోట యంత్రాలు ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు తయారుచేస్తారు. ప్రతి పుస్తకానికీ మేనేజరు ఒక చీటీ అంటిస్తాడు, దాని మీద ‘బై ఫ్రైడే’ అని ఉంటుంది. ఒకసారి ఆ మాట మీదే ఒక ఫ్యాక్టరీవాళ్లతో పెద్ద గొడవైంది. అప్పుడు ఆమే కూర్చుని ఒక కాగితం రాసింది. బై ఫ్రైడే అంటే శుక్రవారం ఆఫీసు మూసేలోపు ఎప్పుడైనా ఇవ్వచ్చు. బిఫోర్ ఫ్రైడే అంటే గురువారమే ఆఖరు. అన్‌టిల్ ఫ్రైడే అంటే శుక్రవారం దాకా ఆ పని సాగుతూనే ఉంటుంది. పదేళ్లుగా ఆ కాగితం గోడ మీదే ఉంది. కింద ఎవరి పేరూ లేదు.

అందరూ శుక్రవారం సాయంత్రం ఇచ్చేవారు. ఆమె మాత్రం మాట రాకూడదని గురువారమే ఇచ్చేసేది. దాంతో ఆమె శుక్రవారాలన్నీ మిగతావాళ్లు సగంలో వదిలేసిన పుస్తకాలకే పోయేవి. దున్నే ఎద్దునే పొడుస్తారని ఊరికే అన్నారా!

ఈ వారం సంగతి వేరు. విభాగం హెడ్ పోస్టు ఖాళీ అయింది. కావాలనుకున్నవాళ్లు సొంతంగా ఒక నమూనా పుస్తకం రాసి శుక్రవారానికల్లా ఇవ్వాలి. ఆ పోస్టు ఆమెకి కావాలి. ఎవరికీ చెప్పలేదు గానీ, ప్రాణం పెట్టి కోరుకుంది.

గురువారం మూడింటికి మేనేజరు ఒక ఫైలు పట్టుకుని వచ్చాడు. అది అందరూ మాటకారి అని పిలిచే పక్క సీటతను పూర్తి చెయ్యని పుస్తకం.

“మీది అయిపోయుంటుందిగా, ఇది కాస్త చూసెయ్యండి. పాపం అతను ఆ పోస్టుకి నమూనా రాసుకోవాలట.”

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఆమె కూడా రాసుకోవచ్చన్న ఊహే ఆయనకి రాలేదు. ఆమె ఆ వారం ఆఫీసుకి ఇవ్వాల్సిన పుస్తకంలో ఇంకా ఒక్క పేజీ మిగిలింది. శుక్రవారం తన నమూనాకి మిగలాలని దాన్ని పొద్దున్నే కావాలని పక్కన పెట్టింది.

“నాది కాలేదండి. రేపు ఐదింటికల్లా ఇస్తాను.”

“అదేంటి, మీరెప్పుడూ గురువారమే ఇస్తారుగా?”

“అది నేనిచ్చిన రోజండి. మీరడిగిన రోజు శుక్రవారం.”

మేనేజరు గోడ దగ్గరికెళ్లి కాగితం మీద వేలు పెట్టి చదువుకున్నాడు. ఫైలు తీసుకెళ్లి మాటకారి బల్ల మీద పెట్టాడు. తన పని తనకే తిరిగి రావడం చూసి మాటకారి ఫైలు తెరిచి మిగిలిన పేజీలు లెక్కపెట్టుకున్నాడు.

శుక్రవారమంతా ఆమె తన కోసమే పనిచేసింది. అలాంటి శుక్రవారం ఆమె ఉద్యోగంలో అదే మొదటిది. ఐదుకి పది నిమిషాలుందనగా పూర్తయిన పుస్తకం, నమూనా రెండూ మేనేజరు చేతిలో పెట్టింది. మాటకారి రెండింటిలో ఒక్కటీ ముగించలేకపోయాడు.

మరుసటి వారం ఇంటర్వ్యూలో కంపెనీ నడిపే పెద్దావిడ, గోడ మీద కాగితం ఎవరు రాశారని అడిగారు.

“నేనేనండి.”

“మరి పేరు పెట్టుకోలేదే?”

“ఇవాళ పెడతానండి.”

పోస్టు ఆమెకే ఇచ్చారు. బయటికొచ్చి సంతోషంగా కాగితం కింద పేరు రాసింది. అప్పుడే భర్త ఫోను చేశాడు. ఏడింటికల్లా వచ్చేస్తావుగా, అమ్మ ఆకలంటోంది అన్నాడు.

“ఏడింటి దాకా నాకిక్కడ పనుంది” అంది ఆమె. “వంట మీరే ఎనిమిదింటికల్లా కానివ్వండి. నేను ఆకలితో వస్తాను.”