దేవానందం బావ వేసిన రంగు

మా చర్చి ట్రక్కు ఎప్పుడో మిలిటరీ వేలంలో కొన్న పాత పెట్రోలు బండి. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు నడవలేని పెద్దవాళ్లను ఎక్కించుకొని ఊరేగింపు ముందు అదే పోవాలి. ఏడో తరగతిలో బడి మానేసి దాని కిందికే దూరాను. నడిపేదీ నేనే, బాగుచేసేదీ నేనే. ఈసారి దారిలో ఆగితే తుక్కుకు అమ్మేస్తామని సంఘపెద్దలు ముందే తేల్చేశారు.

రంగు వేసే పని మాత్రం మా అక్క మొగుడు దేవానందం బావకు అప్పజెప్పారు. లాలాగూడ వర్క్‌షాపులో రైలు డబ్బాలకు రంగులేసి రిటైరైన మనిషి. గోరంత చోటు వదిలినా ఆయనకు నిద్ర పట్టదు.

నేను ఒక్కటే చెప్పాను. పొగగొట్టం మొదట్లో లోపల ఒక రేకు ఉంటుంది. బయట దాని కడ్డీకి ఇనుప గుండు, చుట్ట స్ప్రింగు ఉంటాయి. ఇంజను చల్లగా ఉన్నంతసేపు రేకు మూసుకొని, వేడి పొగను కార్బురేటరు అడుక్కి మళ్లిస్తుంది. ఇంజను కాగాక స్ప్రింగు వదులై రేకు తెరుచుకుంటుంది, పొగ తన దారిన పోతుంది. ఆ గుండు తిరగాలి, అక్కడ మాత్రం బ్రష్షు పెట్టకు అన్నాను. సరే అన్నాడు.

ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికి బానెట్‌కు మట్టలు కట్టేసి పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఇక ఎత్తి చూసేదెక్కడ?

మనుషుల నడకతో సమానంగా ఫస్టు గేరులో పోవాలి. గాలి తగలదు, పైన ఎండ. తిరుమలగిరి ఎత్తు ఎక్కుతుండగా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మట్టలు పీకి బానెట్ ఎత్తాను. గుండు, స్ప్రింగు, కడ్డీ అన్నీ కలిసి ఒకే వెండిరంగు ముద్ద. రేకు మూసుకున్నది మూసుకున్నట్టే బిగిసిపోయి, కార్బురేటరులో పెట్రోలు కుతకుత ఉడుకుతోంది.

"గా గుండుకెందుకు ఏసినవ్ బావా?"

"అందరు బానెట్ ఎత్తి ఫొటోలు తీస్తరు. గదొక్కటి తుప్పుతోని కనబడితే నా ఇజ్జత్ ఏం గావాలె?"

పెద్దవాళ్లను ఆటోల్లోకి మార్చేసి ఊరేగింపు సాగిపోయింది. వాళ్లలో దేవకృపమ్మ ఒక్కతే బండి దిగలేదు.

"నీ పని నువ్వు జూస్కో సైలసూ. ప్రభువు గాడిద మీద పోయిండు, గది సుత నడుమల ఆగకుంట ఉన్నదా?" అని తను తాగే నీళ్ల సీసా అందించింది.

ఆ నీళ్లతో గుడ్డ తడిపి కార్బురేటరు మీద వేసి, స్పానరుతో గుండును మెల్లగా తట్టాను. రంగు పెచ్చులు రాలాయి, గుండు తిరిగింది. కాస్త చల్లారాక బండి ఒక్క పిలుపుకే లేచింది. చర్చికి చేరేసరికి అక్కడ ఆరాధన ముగించే దీవెన కూడా అయిపోయింది.

సంఘపెద్దల ముందు నిజం చెప్పమని బావను బతిమాలాను. నా జన్మలో ఎవరినీ అలా అడగలేదు. ఆయన చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఇన్నేండ్లు రైలు డబ్బాలకు ఏసిన. రంగేస్తే ఏ బండన్నా ఆగిందా? పాతవడ్డది, గంతే."

అందరూ తలలూపారు. ఒక్కరూ లేచి వచ్చి ఆ గుండును చూడలేదు. పెచ్చులు ఇంకా దానికి అంటుకొనే ఉన్నాయి.

తుక్కుకు తోలే పని కూడా నాకే చెప్పారు. చల్లటి పొద్దున బండి తీశాను. బోయిగూడ చేరేలోపు ఇంజను కాగింది, రేకు తెరుచుకుంది, ఎక్కడా దగ్గలేదు. తుక్కు కొట్టు హరికిషన్ కాసేపు నిలబడి ఆ చప్పుడు విన్నాడు.

"ఇంత మంచిగ నడుస్తున్నది, ఎందుకమ్ముతున్నరన్నా?"

"రంగేసినందుకు" అని తాళంచెవి ఇచ్చేసి వచ్చాను.