కువైట్ టైము

నేనొక గోడగడియారాన్ని. ఇప్పుడు అటక మీద పాత చాటల పక్కన పడి ఉన్నాను గానీ, రాజంపేట బజారులో అమ్ముడుపోయిన రోజు నా దర్జా వేరు. కొట్టువాడు సెకను తేడా లేకుండా టైము పెట్టి ఇచ్చాడు. నన్ను కొన్న సిద్దయ్య ఇంటికి తెచ్చి మొదట చేసిన పని, నా ముళ్లను రెండున్నర గంటలు వెనక్కి తిప్పడం! నాకు ఒళ్లు మండిపోయింది. ఊరంతా మధ్యాహ్నం అన్నాలకు కూర్చునే వేళకు నేను తొమ్మిదిన్నర చూపిస్తుంటే నవ్వరా మరి?

తర్వాత సంగతి తెలిసింది. అతని భార్య చెంగమ్మ కువైట్‌లో అరబ్బుల ఇంట్లో వంటమనిషి. నేను చూపించేది ఆమె టైము. "ఇప్పుడు కూరకు తాలింపు పెడ్తాంటాది," అని సిద్దయ్య నన్ను చూసి మురిసిపోయేవాడు. అతనితో పాటు నేనూ మురిసిపోయాను. మద్రాసు నుంచి అక్కడికి విమానంలో ఐదు గంటలేనట. మరి ఐదు గంటల దూరం నుంచి మనిషి రావడానికి ఏళ్లకేళ్లు ఎందుకు పడుతుందో నా బుర్రకు అందలేదు.

ఆ ఇంట్లో ఒక అలవాటు పాతుకుపోయింది. కువైట్ నుంచి ఏ టైము వచ్చినా దానికి రెండున్నర కలపడం. అంగడి ఫోనుకు ఎనిమిదికి చేస్తానని ఆమె అంటే, వీళ్లు పదిన్నరకు వెళ్లి నిలబడేవాళ్లు. ఒక్కసారీ లెక్క తప్పలేదు.

నడి ఎండాకాలంలో సిద్దయ్య గుండె ఆగి పోయాడు. కబురు అందగానే చెంగమ్మ అంగడికి ఫోన్ చేసి మరిది గంగులును బతిమాలింది. "రేపు మద్యానం పన్నెండుకు మద్రాసులో దిగుతా నాయనా. నేనొచ్చేదాకా ఎత్తొద్దండి. ఒక్కసారి మొగం సూసుకోవాల."

గంగులు మాట ఇచ్చాడు. పరుగులు పెట్టి ఐసుగడ్డలు తెప్పించాడు. మర్నాడు పెద్దలు తొందర చేస్తుంటే నా కింద నిలబడి లెక్క కట్టాడు.

"పన్నెండుకు రెండున్నర కలిపితే మనకు రెండున్నర. ఆడనుంచి కార్లో నాలుగ్గంటలు. వదిన వచ్చేసరికి పొద్దు గుంకిపోతాది."

చీకటి పడ్డాక ఎత్తకూడదు. ఆ ఎండలకు ఇంకో రాత్రి ఉంచే వీల్లేదు. గంగులు ఏడుస్తూనే పాడె కట్టించాడు.

మట్టి చేసి, స్నానాలు చేసి వచ్చినవాళ్ల తలలు ఆరకముందే కారు వచ్చి ఆగింది. చెంగమ్మ ఖాళీగా ఉన్న వసారాను చూసింది. గంగులు తన లెక్క చెప్పాడు.

"ఆ పన్నెండు మన పన్నెండే గదప్పా! దిగే ఊరి టైమే టికెట్లో ఏస్తారు," అంటూ ఆమె గడపలోనే కూలబడింది. "ఆయప్పను సూసినాకే ఏడుద్దామని, విమానంలో అంతసేపూ ఆపుకోని వచ్చినా. ఇప్పుడు యాడ కూసోని ఏడ్సాల?"

గంగులు ఆమెను చేయి పట్టి లేపి, మట్టినైనా చూపిద్దామని వల్లకాడు వైపు నడిపించాడు. బయట ఇంకా ఎండ కాస్తూనే ఉంది.