అమ్మకానికి కాని పళ్లు

అనంతగిరి మలుపులో కనక బండి దగ్గర ఆ మధ్యాహ్నం ఆగినవాళ్లకు పళ్లకంటే విసుర్లే ఎక్కువ దక్కాయి. పుల్లకు గుచ్చిన స్ట్రాబెర్రీని కరిగిన చాక్లెట్‌లో ముంచడం, తీయడం, వెనక్కి తిరిగి రేడియో వైపు చూడటం. కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు!

కాసేపట్లో ఆ రేడియోలో కూతురు సోని మాట్లాడుతుంది. వైజాగ్ హాస్టల్ పిల్లల కార్యక్రమమట. పక్క బడ్డీ ఫల్గుణ చెబితే తెలిసింది గానీ, కూతురు చెప్పలేదు. ఎలా చెబుతుంది? క్రిస్మస్ సెలవులకు వచ్చి ఒక్క పండు నోట్లో వేసుకుందని టూరిస్టుల ముందే చెంప ఛెళ్లుమనిపించింది కదూ, ఈ మహాతల్లి! "అమ్మకానికి పెట్టినవి ముట్టుకుంతావేటే?" అని అరిచింది కూడా. మర్నాడే వెళ్లిపోయిన పిల్ల, అప్పట్నుంచి తల్లితో మాట్లాడితేనా! గొంతైనా విందామని కనక ప్రాణం కొట్టుకుంటోంది.

రేడియో మాత్రం గురగురలాడుతోంది. మొగుడు సుక్రు కరెంటు వైరు తొక్క ఒలిచి, ఆ రాగితీగను రెండు సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఏరియల్‌గా లాగాడు. కాఫీ తోటలో మిరియం తీగలు కట్టి కట్టి అలవాటైన చెయ్యి. దీన్నీ మానుకు చుట్టి బిగించేశాడు.

"బేగి సూడయ్యా, మొదలైపోతాది!"

"సూత్తన్నానే! ఊపిరాడనియ్యవేటి?"

ఈ కంగారులో కనక పండు తుడవకుండానే ముంచింది. నీళ్లు కలిసి చాక్లెట్ కాస్తా ముద్దకట్టింది. తిట్టబోయి, మంచుకు తడిసిన చెట్ల వైపు చూసింది.

"ఓలమ్మా! తీగని తడిమానుకే కట్టేసినావు! సిగ్నలంతా మానులోకే పోతాది! మజ్జిలో నైలాన్ తాడు కట్టు!"

సుక్రు గొణుక్కుంటూనే తీగ చెట్టుకు తగలకుండా తాళ్లతో వేలాడదీశాడు. గురగుర తగ్గి సోని గొంతు పలికింది.

"మా అమ్మ చాక్లెట్ పళ్లు అమ్ముతాది."

"అమ్మ వింటోందా?" అని అడిగింది కార్యక్రమం నడిపే ఆవిడ.

"లేదండి. మా మలుపులో రేడియో రాదు. అందుకే చెప్తన్నాను. అమ్మ కొట్టిందని కాదండి నా బాధ. కొనేవాళ్లకి నవ్వుతూ ఇస్తాది. ఒక్కసారి నాకూ అలా ఇస్తే బాగుణ్ణు."

కనక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగితేగా!

కొత్త చాక్లెట్ కరిగించింది. ఎర్రగా పండినవన్నీ ఏరి, ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడిచి ముంచి, ఆరాక డబ్బాలో సర్దింది. అప్పుడే కారు దిగినాయన ఆ డబ్బా మీద చెయ్యి వేశాడు.

"ఇది ఎంతమ్మా?"

"అమ్మకానికి కాదు బాబూ, మా సోని గుంటకి," అంటూ డబ్బా గుండెకు హత్తుకుని, వైజాగ్ బస్సు ఎక్కడానికి చెయ్యెత్తింది.